హెవీ లైసెన్సు వచ్చింది సరే, మొదటి స్టీరింగ్ ఎక్కడ పట్టాలి? విశాఖలో కొత్త లారీ డ్రైవర్లకు

మా ఆఫీసుకి నెలకి ఇద్దరో ముగ్గురో కుర్రాళ్లు వస్తుంటారు. లైసెన్సు కొత్తది, చెప్పులు పాతవి. "అన్నా, ఎక్కడ చేరితే మంచిది?" అని అడుగుతారు. అప్పటికే రెండు మూడు చోట్ల మాట్లాడుకుని ఉంటారు. సాలూరులో చిన్నాన్న తన లారీ మీదికి రమ్మన్నాడు. ఏదో పెద్ద కంపెనీ ట్రైనింగ్ ఇచ్చి, ఆ రోజులకు స్టైపెండ్ కూడా ఇస్తానంది. షీలానగర్‌లో ఇంకొకాయన రేపు పొద్దున్నే టిప్పరు ఎక్కేయమన్నాడు. వాళ్ల లెక్కంతా జీతం దగ్గరే తిరుగుతుంది. నేను మాత్రం పక్క సీట్లో ఎవరు కూర్చుంటారో, ఎన్నాళ్లు కూర్చుంటారో అడుగుతాను. చాలామంది ఈ సంగతి కనుక్కోకుండానే వస్తారు.

నేను 1999లో సాలూరు బండి మీద క్లీనరుగా మొదలుపెట్టాను. ఇప్పుడు గాజువాక ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టులో బళ్లూ డ్రైవర్లూ చూసుకుంటున్నాను. అంటే ఇప్పుడు ఓనరు వైపు కుర్చీలో ఉన్నానన్నమాట, అది గుర్తుపెట్టుకుని చదవండి. కంపెనీల పేర్లు మాత్రం రాయను. సూపర్‌వైజర్ మారితే మంచి కంపెనీ కూడా ఆర్నెల్లలో పాడవుతుంది. అందుకే పేర్లు వదిలేసి పద్ధతులు చెబుతాను.

ముందు కాగితాలు

ట్రాన్స్‌పోర్టు బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. దానికి లెర్నర్ తీయాలన్నా అంతకుముందే కారు లైసెన్సు, అదే ఎల్‌ఎంవీ, ఉండి ఏడాది దాటాలి. లెర్నర్ తీసిన 30 రోజుల తర్వాతే టెస్టు. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5, అంటే నేర్చుకున్నట్టు సర్టిఫికెట్, కూడా కావాలి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లోనే తీసేశారు. చదువు లేదని ఎవరైనా ఏజెంటు అదనంగా డబ్బులడిగితే ఇవ్వకండి.

ఇంకా నేర్చుకునే దశలోనే ఉంటే ఒక మాట. హెవీకి మామూలు స్కూల్లో చట్టం అడిగేది కనీసం 15 గంటల డ్రైవింగు. 2021 నుంచి వచ్చిన అక్రెడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపు ఉన్న) ట్రైనింగ్ సెంటర్లలో అయితే ఆరు వారాల్లో 38 గంటలు, క్లాసుతో కలిపి. అక్కడ పాసైతే ఆర్టీవో ఆఫీసులో మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఉండదు. అందుబాటులో ఉంటే రెండోదే మేలు. ఎక్కడ నేర్చుకున్నా స్కూల్లో నడిపేది ఖాళీ బండి. పది టైర్ల బండి సరుకుతో కలిపి 28 టన్నులు దాటి కూర్చుంటే బ్రేకు, క్లచ్చు, మలుపు అన్నీ కొత్తగా మొదలవుతాయి. ఫారం 5 చేతిలో ఉన్నా లోడు బండి దగ్గర మీరు లెర్నరే. అందుకే మొదటి ఉద్యోగాన్ని రెండో స్కూలు అనుకుని ఎంచుకోమంటాను.

ఏ ప్రశ్నలు అడగాలి

మొదటిది పక్క సీటు. సీనియర్ డ్రైవరు ఎన్ని రోజులు మీతో వస్తాడు? లోడుతో వస్తాడా, ఖాళీ బండిలోనేనా? మీకు నేర్పినందుకు ఆయనకేమైనా ఇస్తారా? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. నేర్పే మనిషికి రూపాయి దక్కకపోతే ఆయన నిద్రపోవడానికే మిమ్మల్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెడతాడు.

నా గురువుగారు నిద్రపోయే రకం కాదు. కోరాపుట్ నుంచి సుంకి ఘాటీ మీదుగా సాలూరు దిగేటప్పుడు పైన బండి ఆపించి, బ్రేకులూ టైర్లూ చూసి, "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు, బ్రేకు మీద నిలబడకు" అనేవారు. ఆయన చెప్పినట్టే ఒక వర్షాకాలం అంతా దిగాను. బ్రేకు డ్రమ్ములు వేడెక్కాక పెడల్ తొక్కినా బండి ఆగకపోవడం ఎలా ఉంటుందో ముందు వెళ్లే బళ్లను చూసి తెలుసుకున్నాను, నా బండిలో చూడాల్సిన అవసరం రాలేదు.

ఆయన్ని వదిలి చేరిన మొదటి కంపెనీలో రెండో రోజే ఒంటరిగా పది టైర్ల బండి ఇచ్చారు. మింది దగ్గర ఒక గోడౌన్లో రివర్స్ చేస్తూ స్తంభానికి కొట్టాను. వెనక లైట్లు పోయాయి, బాడీ వంగింది. ఐదు నెలలు జీతంలో కోశారు. ఎంత కోస్తారో చేరేటప్పుడు నేనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

కాబట్టి రెండో ప్రశ్న డ్యామేజీ. అద్దం పగిలితే ఎవరిది, టైరు పేలితే ఎవరిది, డీజిల్ తక్కువొస్తే ఎవరిది? నెలకు ఇంతకు మించి కోయం అన్న హద్దు ఉందా? ఓవర్‌లోడు సంగతి విడిగా అడగండి. 2019లో సవరించిన చట్టంలో దానికి 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు మరో 2,000 అని ఉంది. లోడు ఎక్కించేది సరుకు పార్టీ, ఎక్కించమన్నది ఆఫీసు, పట్టుబడేది డ్రైవరు. కాటా చీటీ (బండి బరువు తూచి ఇచ్చే రసీదు) చూసి "ఈ బండి తీయను" అనే హక్కు మీకుందో లేదో ముందే తేల్చుకోండి.

మూడోది యార్డు. రివర్స్ నేర్చుకోవడానికి ఖాళీ జాగా, పగలగొట్టినా ఫర్వాలేదనిపించే ఒక పాత బండి ఉన్నాయా? ఉంటే ఆ కంపెనీ ట్రైనింగ్ అన్న మాటకు అర్థం ఉంది. లేకపోతే అది పాంప్లెట్ మీద మాటే.

డబ్బు లెక్క నాలుగోది. ఉదాహరణకు ఒకచోట నెలకు 22 వేలు, బత్తా (దారి ఖర్చులకు రోజువారీ ఇచ్చే డబ్బు) లేదు అనుకుందాం. ఇంకోచోట 12 వేల జీతం, బండి కదిలిన రోజుకు 500 బత్తా. నెలలో 24 రోజులు కదిలితే రెండోచోట 24 వేలు. పోర్టు గేటు దగ్గరా లోడింగు దగ్గరా రోజులు పోయి 14 రోజులే కదిలితే 19 వేలు. పైగా దారిలో తిండి ఆ బత్తాలోంచే. హాల్టింగు రోజుకు, అంటే బండి కదలకుండా ఆగిన రోజుకు, బత్తా ఇస్తారా లేదా అన్నదే ఇక్కడ కీలకం. పీఎఫ్ మామూలుగా జీతం లెక్క మీదే గాని బత్తా మీద కట్టరు, అదీ మనసులో పెట్టుకోండి.

ఇక ఒరిజినల్ లైసెన్సు. "మా దగ్గర పెట్టండి, మానేసేటప్పుడు ఇస్తాం" అంటే ఆ గేటు దాటి వచ్చేయండి. లైసెన్సు అసలుదో కాదో పరివాహన్ వెబ్‌సైటులో రెండు నిమిషాల్లో తెలుస్తుంది, దాచుకోవాల్సిన పని వాళ్లకి లేదు. బాండు రాయమంటే వెంటనే పారిపోనక్కర్లేదు, ట్రైనింగుకు ఖర్చు పెట్టినవాళ్లు అడుగుతారు. ఎన్ని నెలలు, ఎంత మొత్తం, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా అన్నవి చదివి సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద మాత్రం వద్దు.

సొంత లారీ ఓనరు దగ్గర

రెండు నుంచి పది బళ్లు ఉన్న ఓనరు. మన ఉత్తరాంధ్రలో లారీ పని నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది ఈ దారినే వచ్చారు, నాతో సహా. ముందు క్లీనరు, తర్వాత యార్డులో బండి జరపడం, తర్వాత రాత్రి ఖాళీ రోడ్డు మీద కాసేపు స్టీరింగ్. తాడు బిగించడం, టార్పాలు కప్పడం, టైరు కొట్టి గాలి చెప్పడం, చెక్‌పోస్టులో మాట్లాడటం ఇంకెక్కడా ఇంత బాగా రావు. గురువు మంచివాడైతే దీన్ని మించిన బడి లేదు.

కాకపోతే అదృష్టం మీద ఆధారపడిన బడి. చేరేటప్పుడు కాగితం ఉండదు, పీఎఫ్ ఉండదు, జీతం "చూద్దాంలే". బంధువైతే మరీ ఇబ్బంది, జీతం అడిగితే చిన్నాన్న చిన్నబుచ్చుకుంటాడు. ఇంకో లోటు, కొత్త రకం బళ్లు తగలకపోవచ్చు. 2020 తర్వాతి బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బళ్లలో యూరియా ట్యాంకు, సెన్సార్లు, వార్నింగ్ లైట్లు ఉంటాయి. పాత బండి మీద నేర్చినవాడు డాష్‌బోర్డులో లైటు వెలిగితే గుడ్డ కప్పేస్తాడు. నవ్వులాటకు చెప్పడం లేదు, చూశాను.

లైసెన్సు రాకముందే స్టీరింగ్ ఇస్తానంటే మాత్రం తీసుకోకండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చివరికి ఆ డబ్బు ఓనరు నుంచి రాబట్టుకోవచ్చు, కేసు మీ మీద పడుతుంది. క్లీనరుగా నేర్చుకుంటూనే లెర్నర్ తీయండి.

పెద్ద ఫ్లీట్ కంపెనీ

వందల బళ్లు, లాంగ్ రూట్లు. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖ మధ్యలో ఉంది కాబట్టి ఇలాంటి కంపెనీలకి ఇక్కడ డ్రైవర్లు కావాలి. క్లాసులుంటాయి. కొన్నిచోట్ల సిమ్యులేటర్ ఉంటుంది. తర్వాత సీనియర్‌తో కొన్ని ట్రిప్పులు. జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. బళ్లు కొత్తవి. 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు, అవి ముందుగా చేరేది ఇలాంటి కంపెనీలకే.

కష్టం ఇంటికి దూరం. వారాల తరబడి బండే ఇల్లు. హిందీ రాకపోతే మొదటి రెండు నెలలు నరకం. బండిలో ట్రాకింగు, కొన్నిట్లో కెమెరా. గట్టిగా బ్రేకు వేసినా ఆఫీసుకి తెలుస్తుంది, మైలేజీ పడిపోయినా తెలుస్తుంది. కొందరికి ఇది టెన్షన్. నన్నడిగితే కొత్తవాడికి మంచిదే, తప్పు ఎక్కడ జరిగిందో రికార్డు ఉంటే నింద ఊరికే మీద పడదు. సమయాల సంగతి మాత్రం గట్టిగా అడగండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలు, వారానికి 48 అని పెట్టింది. రోడ్డు మీద దాన్ని ఎవరు పాటిస్తారని నవ్వుతారేమో. అందుకే ఒక బండికి ఇద్దరు డ్రైవర్లా, ఒక్కరేనా అని అడగమంటున్నాను. ఒక్కరే అయితే, రాత్రి ఎన్ని గంటలకు ఆపొచ్చో అడగండి.

పోర్టు పని: టిప్పరు, కంటైనర్ ట్రైలరు

ఇక్కడి కుర్రాళ్లకి ఎక్కువ ఆకర్షణ దీనికే, రాత్రికి ఇల్లు చేరొచ్చు కదా. విశాఖ పోర్టు, గంగవరం, స్టీల్ ప్లాంటు, పరవాడ, అచ్యుతాపురం మధ్య తిరిగే పని. బొగ్గు, ఎరువులు, కంటైనర్లు, స్టీలు కాయిల్స్.

టిప్పరు, ట్రైలరు ఒకటే అనుకోకండి. టిప్పర్లో డబ్బు ట్రిప్పుల లెక్క మీద నడుస్తుంది, కాబట్టి తొందర ఎక్కువ. సరుకు దింపే ప్లాట్లో నేల మెత్తగా ఉన్నచోట, ఒక పక్కకి వాలినచోట బాడీ లేపితే బండి పడుకుంటుంది. ఇది నేర్పేవాడు పక్కన లేకుండా కొత్తవాడికి టిప్పరు ఇవ్వడం అంటే నాకు కోపం. షీలానగర్ ఆయన "రేపే ఎక్కేయ్" అన్నది ఇలాంటిదే. రేపే ఎక్కించేవాడికి మీ డ్రైవింగు కంటే ఆ ఖాళీ సీటు మీదే ధ్యాస.

కంటైనర్ ట్రైలరు నెమ్మది పని. గేటు పాసు, క్యూ, కాటా, యార్డులో ఎదురుచూపు. విసుగే, కానీ కొత్తవాడికి ఒక లాభం ఉంది. రోజూ రివర్స్ చేయక తప్పదు. స్టీరింగ్ ఎడమకి తిప్పితే ట్రైలరు వెనక భాగం కుడికి పోతుంది, ఈ తిరకాసు చేతికి అలవాటు కావడానికి నెలలు పడుతుంది. కంటైనర్ని పట్టుకునే నాలుగు లాకులు పడ్డాయో లేదో దిగి చూసుకునే అలవాటు కూడా ఇక్కడే వస్తుంది. నేర్పే సీనియరు, హాల్టింగు బత్తా రెండూ ఇచ్చే కంటైనర్ కంపెనీ దొరికితే, ఊరు వదలలేనివాళ్లకి నా మొదటి ఓటు దానికే.

స్టీలు కాయిల్స్, పొడవాటి రాడ్లు మాత్రం రెండో ఏడాది చూసుకోండి. లోడు కట్టడంలో చిన్న తప్పుకే క్యాబిన్ మీదికి వస్తుంది.

ట్యాంకరు

మల్కాపురం రిఫైనరీ చుట్టూ ట్యాంకర్లు చూసి, జీతం బావుంటుందని విని అడుగుతారు. మొదటి ఉద్యోగంగా వద్దు. చాలామంది ఓనర్లు అనుభవం లేకుండా తీసుకోరు కూడా. ప్రమాదకర సరుకు నడపాలంటే విడిగా మూడు రోజుల కోర్సు సర్టిఫికెట్ కావాలి. ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లిషు చదవడం, రాయడం రావాలి. ఆ అనుమతి మూడేళ్లకే పనికొస్తుంది, మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఐదేళ్లు. పైగా సగం నిండిన ట్యాంకరులో బ్రేకు వేశాక లోపలి ద్రవం వచ్చి ముందుకు తోస్తుంది. ఆ తోపు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

హెవీ ఇంకా రాలేదా?

2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ఎల్‌ఎంవీ లైసెన్సు మీద మొత్తం బరువు 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్టు బండి నడపొచ్చని తేలింది. పార్సిల్, కూరగాయలు, ఆన్‌లైన్ సరుకుల చిన్న లారీలు ఇందులోకి వస్తాయి. ఓనరు "ఫర్వాలేదు" అన్నాడని ఎక్కకుండా, ఆర్సీలో గ్రాస్ వెయిటు మీ కళ్లతో చూడండి. ఎన్ఏడీ జంక్షనూ గాజువాక మెయిన్ రోడ్డూ ఏడాదిపాటు చిన్న లారీతో నలిగినవాడికి పెద్ద బండి మీద భయం సగం పోతుంది.

| ఎంపిక | పక్క సీటు | ఇంటికి | డబ్బు | మొదటి ఏడాదికి |
|---|---|---|---|---|
| చిన్న ఓనరు | గురువును బట్టి | ట్రిప్పును బట్టి | నోటిమాట, బత్తా | గురువు తెలిసినవాడైతే సరే |
| పెద్ద ఫ్లీట్ | కొన్ని ట్రిప్పులు, ఖాయంగా | వారాల తర్వాత | బ్యాంకు, పీఎఫ్ | బాగుంది |
| పోర్టు టిప్పరు | అరుదు | రోజూ | ట్రిప్పు లెక్క | జాగ్రత్త |
| కంటైనర్ ట్రైలరు | అడిగి తేల్చుకోవాలి | దాదాపు రోజూ | జీతం, హాల్టింగుతో పేచీ | సీనియరు ఉంటే బాగుంది |
| ట్యాంకరు | ఉంటుంది, అనుభవం అడుగుతారు | రూటును బట్టి | మెరుగు | వద్దు |
| 7.5 టన్నుల లోపు | అక్కర్లేకపోవచ్చు | రోజూ | తక్కువ | మొదటి మెట్టుగా సరే |

ఎవరికి ఏది

ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు, ఊళ్లు తిరగాలని ఉంది. పెద్ద ఫ్లీటుకు వెళ్లండి, బాండు చదివి. ఏడాదిన్నర తర్వాత మీరు అడిగిన చోట ఉద్యోగం ఇస్తారు.

పెళ్లయింది, పిల్లలు చిన్నవాళ్లు, ఇంట్లో అమ్మకి ఒంట్లో బాగోదు. లాంగ్ రూటు జీతం చూసి ఆశపడకండి. ఇల్లు తలుచుకుంటూ నడిపేవాడు మూడో నెలలోనే బండి ఎక్కడో వదిలి బస్సెక్కేస్తాడు, ఆ నెల జీతమూ పోతుంది. కంటైనర్ పని వెతుక్కోండి, ఆదాయం కాస్త తగ్గినా.

ఆటో, ట్యాక్సీ పదేళ్లు నడిపి వచ్చేవాళ్లు ఉంటారు. వీళ్లకి రోడ్డు తెలుసు, అదే ఇబ్బంది. కారులో దూరినట్టు సందులో దూరుస్తారు, వెనకున్న ట్రైలరు మర్చిపోతారు. మీకు అందరికంటే ఎక్కువ రోజులు పక్క సీటు కావాలి. అడగడానికి నామోషీ పడకండి.

గల్ఫ్ వెళ్దామనుకునేవాళ్లు, శ్రీకాకుళం వైపు నుంచి చాలామంది ఉంటారు, ట్రైలరు అనుభవం, అదీ కాగితం మీద చూపించగలిగింది సంపాదించుకోండి. నోటిమాట ఓనరు దగ్గర ఐదేళ్లు చేసినా చూపించడానికి ఏమీ మిగలదు. నియామక పత్రం, జీతం పడిన పాస్‌బుక్కు దాచుకోండి. అక్కడికెళ్లాక ఎలాగూ వాళ్ల టెస్టు మళ్లీ పాసవ్వాలి, స్టీరింగూ ఎడమవైపు.

మాట ఇచ్చేముందు ఆ కంపెనీ గేటు బయట టీ కొట్టు దగ్గర ఒక గంట కూర్చోండి. లోపల సూపర్‌వైజర్ చెప్పింది అక్కడ డ్రైవర్లని అడగండి. పోయిన నెల ఎవరైనా మానేశారా, ఎందుకు మానేశారు? ఇక్కడ జీతం ఏ తేదీన పడుతుంది? చివరి ప్రశ్నకి టక్కున తేదీ చెప్పాడా, లేక పక్కవాడి మొహం చూసి నవ్వాడా, అది చూసుకుని లేవండి.